అమ్మలూ, స్పీడ్ పెంచే ముందు ఒక్క మాట

అమ్మలూ,

పేపర్ మీద పాలిథిన్ కోటింగ్ వేసే లైన్ సొంతంగా పెడుతున్నావని నాన్న ఫోన్‌లో చెప్పాడు, గర్వంతో ఛాతీ పొంగింది గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

పేపర్ పూతని పట్టుకునేలా కరెంటుతో సిద్ధం చేసే కరోనా ట్రీటర్ పనిచేస్తోందో లేదో చూస్కో, కరిగిన ప్లాస్టిక్ తెరలా దిగే డై పెదాలు శుభ్రంగా ఉంచు. ఇవి నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకుంది ఎయిర్ గ్యాప్ గురించి, అంటే డై నుంచి పేపర్ దాకా కరుగు గాల్లో దిగే దూరం.

ఒకసారి తెల్లారేసరికి లోడ్ వెళ్ళాలి. లైన్ నిమిషానికి 120 మీటర్లలో చక్కగా నడుస్తోంది, టైమ్ చాలదని నేను 180కి లేపేశా. స్పీడ్ పెరిగితే పూత పల్చనవుతుంది కదా, అందుకని కరుగుని డైలోకి తోసే స్క్రూ ఆర్పీఎం కూడా పెంచా, ముక్క తూకం వేస్తే జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి గ్రాముల బరువు, సరిగ్గా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. డై నుంచి దిగే వేడి కరుగు పేపర్‌ని తాకేలోపు గాల్లో కాస్త ఆక్సిజన్ పట్టుకోవాలి, అప్పుడే గట్టిగా అతుక్కుంటుంది. మా గ్యాప్ 200 మిల్లీమీటర్లు. 120లో 100 మిల్లీసెకన్లు దొరికేది, 180లో 67కి పడిపోయింది. రీల్స్ మాత్రం నిగనిగలాడుతున్నాయి, చూసి మురిసిపోయా. వారానికి లోడ్ మొత్తం వెనక్కొచ్చింది, పూత ఉల్లిపొరలా ఊడిపోతోందని. పూత పీకి పట్టు చూసే పీల్ టెస్ట్ లైన్ మొదలెట్టినప్పుడు చేశా, స్పీడ్ మార్చాక చెయ్యలేదు, అదీ నా తప్పు.

అందుకే స్పీడ్ కదిలిన ప్రతిసారీ ముక్క కోసి పీకి చూడమ్మా. పూతతో పాటు పేపర్ నార చిరిగి రావాలి. నున్నగా ఊడొస్తే లోడ్ ఆలస్యమైనా సరే ఆపెయ్. వేడి పెంచి సర్దేద్దాం అనుకోకు, 320 డిగ్రీల దగ్గరున్నదాన్ని ఇంకా పెంచితే పూతకి వాసన పట్టుకుంటుంది, తిండి ప్యాకింగ్‌కి పనికిరాదు. గ్యాప్ మరీ పెంచినా కరుగు తెర అంచుల్లో కుదించుకుపోతుంది, పైగా చల్లారిపోతుంది.

ఇంకోటి. రబ్బర్ రోల్, పూతని చల్లార్చే చిల్ రోల్ కలిసే చోట లైన్ నడుస్తుండగా చెయ్యి పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను, నిజంగా. నా పక్కన పనిచేసినతను రోల్‌కి ఏదో అంటుకుందని తుడవబోయాడు, గ్లవ్ కొస లాగేసుకుంది, రెండు వేళ్ళు పోయాయి. ఆ అరుపు నాకింకా వినిపిస్తుంది. జుట్టు ముడేసుకో, గార్డ్ తియ్యనివ్వకు, ఎమర్జెన్సీ స్టాప్ రోజూ నొక్కి చూడు. నీ చేతులు నేను పట్టుకుని నడిపించినవి తల్లీ.

మొదటి రీల్ నుంచి ఒక ముక్క నాకు పంపు, నేను కూడా పీకి చూస్తా.

పెదనాన్న