చిన్న పట్టణాల్లో గ్రంథాలయం, మైదానం, ఈత కొలను: మీ ప్రశ్నలు, మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న చిన్న మున్సిపాలిటీల నుంచి వచ్చినవే. ఫలానాది కట్టించుకోవడం ఎలాగని అడిగినవారు చాలామంది ఉన్నారు; కట్టినదాన్ని నడిపించుకోవడం ఎలాగని అడిగినవారు మాత్రం తక్కువ. హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే రెండో ప్రశ్నే బరువైనదిగా కనిపిస్తోంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. పాఠకుల కోరిక మేరకు పేర్లు, ఊళ్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా పట్టణంలోని శాఖా గ్రంథాలయాన్ని ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే తెరుస్తారు. శుక్రవారం సెలవు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునే మేము మధ్యాహ్నమంతా బయటి అరుగు మీద గడుపుతున్నాం. వేళలు పెంచమని అడిగితే నిధులు లేవంటున్నారు. ఏం చేయాలి?
– ఒక ఉద్యోగార్థి, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా

జవాబు: నిధులు లేవన్న మాట నిజమే కావచ్చు గానీ, నిధులు వచ్చే దారి లేదనడం నిజం కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ. ఖర్చు పెట్టవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థ. మీ ఇంటిపన్ను నోటీసును ఒకసారి బయటికి తీసి చూడండి. ఇంటిపన్ను 2,500 రూపాయలైతే అందులో లైబ్రరీ సెస్ కింద 200 రూపాయలు ఉండాలి. ఇలా వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థ ఖాతాకు చేరకుండా స్థానిక సంస్థ సాధారణ ఖర్చుల్లో కలిసిపోవడం, బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం మన దగ్గర కొత్త విషయం కాదు.

అందువల్ల ముందుగా మున్సిపాలిటీకి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో సెస్ ఎంత వసూలైంది, గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు, ఇంకా ఎంత బకాయి ఉంది అన్న మూడు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. అంకెలు చేతికి వచ్చాక జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిని, కలెక్టరును కలవండి. ఉత్త వినతిపత్రానికి ‘చూస్తాం’ అన్న మాటే దక్కుతుంది. బకాయి అంకె రాసి ఉన్న కాగితానికి ఫైలు కదులుతుంది.

ఇక వేళల సంగతి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, మనిషి కావాలి. ఒకే గ్రంథపాలకుడు రెండు మూడు శాఖలు చూసుకోవలసి వస్తున్నచోట, పుస్తకాల గదికి తాళం వేసి, పత్రికల గదిని మాత్రం రోజంతా తెరిచి ఉంచే ఏర్పాటు సాధ్యమే. అందుకు పాఠకుల సంఘం ఒకటి ఏర్పరచుకుని, ఏ రోజు ఎవరు తాళం తీస్తారో, ఎవరు వేస్తారో రిజిస్టరులో రాసుకుని, సంస్థ నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. ఇలా స్వయంగా పూనుకోవడం మన ప్రాంతానికి తెలియనిది కాదు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది ప్రజల చందాలతో, పట్టుదలతోనే గానీ సర్కారు ఉత్తర్వులతో కాదు.

ఒక చిన్న మనవి కూడా చేయాలి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని మీ శాఖ వరకు అన్నిచోట్లా పోటీ పరీక్షల అభ్యర్థులే నిండి ఉంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ కథల పుస్తకం కోసం వచ్చిన పదేళ్ల పిల్ల కూర్చోవడానికి చోటు లేక వెనక్కి వెళ్లిపోతే, ఇంకో పదేళ్లకు ఆ గ్రంథాలయం కోసం అడిగేవారు మిగలరు. ఒక మూల, ఒక చాప, రెండు అరలు పిల్లలకు విడిచిపెట్టండి. దాతలు ఇచ్చే పుస్తకాల విషయంలోనూ కొంచెం నిక్కచ్చిగా ఉండండి. పదేళ్ల కిందటి కరెంట్ అఫైర్స్ పుస్తకాలు అలమరాలు నింపడానికి తప్ప దేనికీ పనికిరావు.

ప్రశ్న: మాది గ్రామ పంచాయతీ నుంచి 2018లో మున్సిపాలిటీగా మారిన పట్టణం. ఒక పెద్ద మొత్తం వస్తుందని చెబుతున్నారు. దానితో ఈత కొలను కట్టాలని మా అభివృద్ధి కమిటీలో కొందరు పట్టుబడుతున్నారు. పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు సందేహాలున్నాయి. మీ అభిప్రాయం తెలపగలరు.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ సందేహం సహేతుకమైనదే. అయితే ఈత అక్కర్లేదని మేము అనబోము. వేసవి సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో, క్వారీ గుంతల్లో మునిగిపోయిన పిల్లల వార్త లేని ఏడాది లేదు. పిల్లలకు ఈత నేర్పడం ఆటవిడుపు కోసం కాదు, ప్రాణరక్షణ కోసమే. తేల్చుకోవలసింది ఎంత కొలను కట్టాలి, దాన్ని ఎవరు నడపాలి అన్నదే.

లెక్క వేసి చూద్దాం. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న కొలనులో దాదాపు 4,37,500 లీటర్ల నీరు పడుతుంది. మన నగరంలో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 88 కావాలి. ఒకసారి నింపితే అయిపోయిందనుకోవడానికి లేదు. ఎండాకాలంలో నీటిమట్టం రోజుకు 8 మిల్లీమీటర్లు తగ్గిందనుకున్నా, ఆ లోటు పూడ్చడానికే రోజూ 2,500 లీటర్లు కావాలి. మంచినీళ్లు రోజు విడిచి రోజు వచ్చే పట్టణంలో ఈ సంగతి వీధి కుళాయి దగ్గర చర్చకు రాకుండా ఉండదు.

నీటి కంటే కష్టమైనది నీటిని శుభ్రంగా ఉంచడం. కొలనులోని నీరంతా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి వడపోత యంత్రం గుండా తిరిగి రావాలి. అంటే పంపు ఆగకూడదు, కరెంటు బిల్లు కట్టడం ఆగకూడదు. నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ (క్రిములను చంపడానికి ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్) లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ పెరిగితే క్లోరిన్ వేసినా అది సరిగా పనిచేయదు. తగ్గితే కళ్లు మండుతాయి, లోహపు గొట్టాలు తుప్పు పడతాయి. చిన్న గాజు గొట్టంలో కొలను నీరు పట్టి, రెండు చుక్కల రసాయనం వేసి, మారిన రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడడం నిమిషం పని. ఆ నిమిషం పనిని రోజుకు రెండు మూడుసార్లు, సెలవు రోజున కూడా, చేసి పుస్తకంలో రాసే మనిషి ఎవరో ముందే తేలాలి. కొలను పచ్చబడి, చివరికి దోమలకు నిలయమైనచోట కొరవడింది సిమెంటు కాదు, ఈ మనిషే. ప్రాణరక్షకులు కనీసం ఇద్దరు ఉండాలి. ఆడపిల్లలకు విడిగా వేళ, మహిళా శిక్షకురాలు లేకపోతే ఊళ్లో సగం మందికి ఆ కొలను లేనట్టే.

కాబట్టి మీ కమిటీ ముందు ఈ ప్రతిపాదన పెట్టండి. పోటీల కోసం పెద్ద కొలను వద్దు. మీటరు లోతు మించని చిన్న శిక్షణ కొలను చాలు. వచ్చే మొత్తమంతా నిర్మాణానికే పోకుండా, అయిదేళ్ల నిర్వహణకు ఏటా ఎంత కేటాయిస్తారో కౌన్సిల్ తీర్మానంలోనే రాయించండి. ఆ వాక్యం రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే కొలను ఆలోచన మానుకోవడమే మేలు. అదే సొమ్ముతో మైదానం బాగుపడుతుంది.

మైదానమైనా తక్కువ తిప్పలు పెట్టదు. 2022 నుంచి తెలంగాణ క్రీడా ప్రాంగణం పేరుతో ఊరూరా వాలీబాల్, ఖోఖో స్తంభాలు పాతి బోర్డులు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ స్థలం దొరకలేదన్న కారణంతో ఊరి చివర శ్మశానం పక్కనో, గుట్ట కిందో ఏర్పాటు చేసినచోట సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లలు వెళ్లగలరా? రెండు దీపస్తంభాలు, ఒక నల్లా, తలుపు గడియ సరిగా పడే మరుగుదొడ్డి, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరం: ఆట స్థలానికి మొదట కావలసినవి ఇవి. ఓపెన్ జిమ్ పరికరాలు ఆ తర్వాత. ఉద్యానవనాలు, ఆట స్థలాలు రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల బాధ్యతల జాబితాలో ఉన్నాయి కనుక, వాటిని అడగడానికి ఎవరూ మొహమాటపడవలసిన పనిలేదు.

ప్రశ్న: మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం విడిచిన స్థలంలో ఫంక్షన్ హాలు కడతామంటున్నారు. ఆపగలమా?
– ఒక గృహిణి, వికారాబాద్ జిల్లా

జవాబు: ఆపగలరు. ఆమోదం పొందిన లేఅవుట్ నకలును, పార్కు స్థలాన్ని స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలును, ఈసీని (ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే ధ్రువపత్రం) సంపాదించి, సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అలాంటి కేసు వేసే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉందని కూడా స్పష్టం చేసింది. ఆసుపత్రి కోసమే కుదరనిది పెళ్లిళ్ల హాలు కోసం కుదరడం కష్టం. పునాది తవ్వకముందే కదలండి.

ప్రశ్న: మా అబ్బాయి నర్సు. ఆస్ట్రేలియాలో మౌంట్ ఐసా అనే మారుమూల ఊళ్లో ఉద్యోగం వచ్చింది. కోడలు, నాలుగేళ్ల మనవరాలు కూడా వెళతారు. అక్కడ ఆస్పత్రి, పిల్లలకు ఆటపాటలు ఏమైనా ఉంటాయా అని నాకు బెంగగా ఉంది.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, దూరం మాట నిజమే. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని ఆ ఊరి నుంచి సముద్రతీరాన ఉన్న టౌన్స్‌విల్ నగరానికి దాదాపు 900 కిలోమీటర్లు. మనకు ముంబయి కూడా అంత దూరం కాదు. అయినా 20 వేల లోపు జనాభా ఉన్న ఆ గని పట్టణంలో ఆస్పత్రి, స్థానిక కౌన్సిల్ నడిపే గ్రంథాలయం, ఈత కొలను ఉన్నాయి. ఊరికి దగ్గరలోనే మూండారా అనే జలాశయం ఉంది. సెలవు రోజున కుటుంబాలు అక్కడికే వెళతాయి. 1959 నుంచి ఏటా ఆగస్టులో జరుగుతున్న రోడియో (గుర్రాలు, ఎద్దులపై స్వారీ పోటీలు) ఉత్సవానికి చుట్టుపక్కల పశువుల క్షేత్రాల జనమంతా వస్తారు. రోగులను విమానాల్లో తరలించే ఫ్లయింగ్ డాక్టర్ సేవ 1928లో మొదలైంది అక్కడికి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలోని క్లాంకరీలోనే. ఇప్పుడు మౌంట్ ఐసాలోనూ దానికి కేంద్రం ఉంది. 2025 జూలైలో అక్కడి భూగర్భ రాగి గని మూతపడింది కాబట్టి ఊరి జనాభా, వసతులు కొంత మారవచ్చు. ఇల్లు వెంటనే కొనకుండా కొన్నాళ్లు అద్దెకు ఉండి చూడమనండి.

మనవరాలి విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. అక్కడ సీసం గని, సీసం కరిగించే కర్మాగారం ఉండటం వల్ల గాలిలో, నేలలో సీసపు ధూళి ఉంటుంది. నేల మీద ఆడి చేతులు నోట్లో పెట్టుకునే చిన్న పిల్లలకే అది ఎక్కువ హాని చేస్తుంది. ఇంటి నేలను పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి, తినే ముందు చేతులు కడిగించాలి, చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఈ చివరి సంగతి మీ కోడలికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ఊళ్లో పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష చేస్తారు. వెళ్లగానే ఒకసారి, ఆ తర్వాత వైద్యులు చెప్పినప్పుడల్లా పాపకు ఆ పరీక్ష చేయించమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.