మేస్త్రీ మాట వినాలా, పుస్తకం తెరవాలా?

ప్రశ్న: ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, మోటారు రివైండింగ్ (కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే) వర్క్‌షాపులో పనికి చేరాను. 'పుస్తకంలో చదివింది ఇక్కడ పనికిరాదు, చేత్తో చేస్తేనే వస్తుంది' అంటారు మా మేస్త్రీ. ఇంట్లోవాళ్లేమో పని మానేసి ఇంజినీరింగ్ డిగ్రీలో చేరమంటున్నారు. అసలు పని ఎక్కడ వస్తుంది? వర్క్‌షాపులోనా, తరగతిలోనా?

జవాబు: కొన్ని పనుల విషయంలో మీ మేస్త్రీ మాట అక్షరాలా నిజం. మరికొన్నింట్లో అదే మాట పట్టుకుని కూర్చుంటే, పదేళ్లు పనిచేసినా ఒకే తప్పు పదేళ్లూ చేస్తూ పోతారు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: నేను చేసింది సరో తప్పో నాకు ఎప్పుడు, ఎలా తెలుస్తుంది? అనుభవజ్ఞుల ఊహను ఎప్పుడు నమ్మొచ్చన్న విషయంపై మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లెయిన్ 2009లో కలిసి ఒక పత్రం రాశారు. వాళ్లు తేల్చిందీ దాదాపు ఇదే. పనిలో ఒక క్రమం ఉండాలి, ఫలితం చేసినవాడికి తిరిగి తెలియాలి. ఈ రెండూ లేనిచోట అనుభవం ధైర్యాన్ని పెంచుతుందే తప్ప నైపుణ్యాన్ని పెంచదు.

మోటారు లోపలి గాడి (స్లాట్)లోకి తీగచుట్ట (కాయిల్) దించడం తీసుకోండి. తీగ ఎనామిల్ గీసుకుపోకుండా, పోగులు ఒకదానిమీద ఒకటి మెలిపడకుండా ఎంత బిగువుతో లాగాలో ఏ పేజీలోనూ దొరకదు. తప్పు చేస్తే తీగ అక్కడికక్కడే ఇరుక్కుంటుంది, లేదా టెస్టులో షార్టు చూపిస్తుంది. ఫలితం గంటల్లోనే తెలుస్తుంది కాబట్టి ఇది చేత్తోనే వస్తుంది. బేరింగ్ ఎక్కించడంలో చేయీ చదువూ రెండూ కావాలి. షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలన్నది చదివి తెలుసుకోవాల్సిన విషయం. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా వెళ్లి ట్రాక్ మీద సన్నని గుంటలు పడతాయి. బేరింగ్ నిటారుగా దిగుతోందా, అడుగుకు ఆనిందా అన్నది మాత్రం చేతికీ చెవికీ తెలియాల్సిందే.

ఇక అనుభవం మోసం చేసే చోటు చూడండి. కాలిపోయిన పాత వైండింగ్ (తీగచుట్లు) ఊడదీయడానికి స్టేటర్‌ను, అంటే మోటారులో తిరగని భాగాన్ని, గ్యాస్ మంటతో వేడి చేయడం మీరు చూసే ఉంటారు. పని త్వరగా అవుతుంది, కొత్త వైండింగ్ వేశాక మోటారు చక్కగా తిరుగుతుంది, తెచ్చినవాళ్లు సంతోషంగా పట్టుకెళ్తారు. కానీ స్టేటర్ కోర్ పలుచని ఉక్కు రేకుల దొంతర. రేకుకూ రేకుకూ మధ్య సన్నని ఇన్సులేషన్ పొర ఉంటుంది. మామూలు పూత ఉన్న కోర్ ఉష్ణోగ్రత 370 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని రిపేరు ప్రమాణాలు చెబుతాయి. మంట దగ్గర ఆ లెక్క ఎవరికీ తెలియదు. పొర కాలితే రేకుల మధ్య ఎడ్డీ కరెంట్లు (ఉక్కులో వృథాగా సుళ్లు తిరిగే కరెంట్లు) పెరిగి, కోర్ లోలోపలే వేడెక్కుతుంది. మోటారు కరెంటు ఎక్కువ తింటూ, మళ్లీ త్వరగా కాలిపోతుంది. అప్పటికి నెలలు గడిచి ఉంటాయి. అది మీ దగ్గరికే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా తప్పు తీగ నాణ్యత మీదికో, వాడినవాళ్ల మీదికో పోతుంది. ఈ తప్పును ఎన్ని వందల మోటార్లు చేసినా అనుభవం పట్టివ్వదు. ఉష్ణోగ్రత అదుపులో ఉండే ఓవెన్ ఎందుకు వాడాలో, వైండింగ్ తీయకముందూ తీశాకా కోర్‌లో ఎంత శక్తి వృథా అవుతోందో చూపే కోర్ లాస్ టెస్టు ఎందుకు చేయాలో చదివినవాడికే తట్టుతుంది.

మోటారుకు అందే కరెంటు సప్లై సంగతీ అంతే. మూడు ఫేజుల మధ్య కొలిస్తే 415, 410, 390 వోల్టులు వచ్చాయనుకోండి. సగటు 405. అందులోంచి అతి పెద్ద తేడా 15, అంటే 3.7 శాతం అసమతుల్యత. చూడటానికి చిన్నదే. అయితే ఈ శాతాన్ని వర్గం చేసి రెండుతో గుణిస్తే, వైండింగ్ వేడి పెరుగుదల ఎంత శాతం ఎక్కువవుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఇక్కడ సుమారు 27 శాతం. పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్న లెక్క దీనికి కలపండి. వర్క్‌షాపు బల్ల మీద ఎంత బాగా చుట్టినా ఆ మోటారు అక్కడ నిలవదు. ఇది చేతికి తగిలే విషయం కాదు, లెక్కకు అందే విషయం.

కాబట్టి నా సలహా: ఒక ఏడాది పని వదలకండి, ఆ ఏడాది పుస్తకమూ మూయకండి. కాకపోతే చదివే పద్ధతి మార్చాలి. సిలబస్ వరుసలో మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడితే నెల తిరక్కుండా ఆగిపోతుంది. ఆ రోజు బల్ల మీదికి వచ్చిన మోటారే ఆ రోజు పాఠం కావాలి. ఇందుకు ఒక రిజిస్టరు పెట్టండి. విప్పకముందు నేమ్‌ప్లేట్ వివరాలు, కనెక్షన్ స్టారా డెల్టానా (మూడు ఫేజుల కాయిల్స్‌ను కలిపే రెండు పద్ధతులు), మూడు ఫేజుల రెసిస్టెన్సు, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) రీడింగు రాయండి. దాని కిందే 'ఇది ఎందుకు పోయి ఉంటుంది' అన్న మీ అంచనా రాయండి. ఈ ఒక్క వరుస వదిలేస్తే రిజిస్టరు వల్ల సగం లాభం పోతుంది. విప్పి చూశాక 'నేను అనుకున్నదే' అనిపించడం మనసుకు సహజం. ముందే రాసి ఉంటే ఆ అవకాశం ఉండదు.

విప్పాక కాలిన తీరు చూసి ఫొటో తీయండి. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి మూడోది శుభ్రంగా ఉంటే, నడుస్తుండగా ఒక ఫేజు పోయిందని అర్థం. అదే డెల్టా అయితే ఒక ఫేజు కాలి మిగతా రెండూ బాగుంటాయి. మూడూ ఒకేలా మాడితే ఓవర్‌లోడో, రోటర్ (తిరిగే భాగం) బిగుసుకుపోవడమో, గాలి ఆడకపోవడమో. ఈ రెండు రకాల గుర్తులూ మీ మేస్త్రీ కళ్లకు ఎప్పుడో అలవాటై ఉంటాయి. స్టార్‌లో రెండు, డెల్టాలో ఒకటి ఎందుకో సర్క్యూట్ గీసి తేల్చుకోవడం మీ పని. అది తేలితే, ముందెన్నడూ చూడని మోటారు వచ్చినా చదవగలుగుతారు. మోటారు ఇచ్చేటప్పుడు కూడా, కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే సెట్టింగు చూడకుండా మోటారు పెట్టొద్దని తెచ్చినవాళ్లకు చెప్పగలుగుతారు.

సాయంత్రం ఆ పనికి సంబంధించిన నాలుగైదు పేజీలే చదవండి. మర్నాడు పొద్దున పుస్తకం తెరవకుండా ఆ బొమ్మ కాగితం మీద గీసి, తర్వాత సరిచూసుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజులకు, వారానికి చూస్తే గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లే ముందున్నారు. చదివినప్పుడు 'అర్థమైంది' అనిపించడాన్ని నమ్మవద్దని అందుకే అంటున్నాను.

మేస్త్రీ దగ్గర 'పుస్తకంలో ఇలా ఉంది కదండీ' అని మొదలుపెట్టకండి. వాదన అవుతుంది, విద్య ఆగిపోతుంది. 'ఏం చూసి లోపం బేరింగ్‌ది అన్నారండీ?' అని అడగండి. 'ఇంకేం కనిపిస్తే వైండింగ్‌ది అనుకునేవారు?' అన్నది రెండో ప్రశ్న. 'ఎలా చేయాలి' అంటే చాలామంది నిపుణులు మాటల్లో చెప్పలేరు. ఎదురుగా ఉన్న ఒక్క మోటారు గురించి అడిగితే చెబుతారు.

అనుభవంతో అసలే నేర్చుకోకూడనివి కొన్ని ఉన్నాయి. సప్లై వేరుచేసి తాళం వేయడం, కెపాసిటర్ డిశ్చార్జి చేయడం, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోవడం. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న చోట ముందొకసారి, తర్వాతొకసారి చూసుకోవాలి. 'ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ నియమాలు మొదటి రోజే కంఠతా రావాలి, ఎవరు తొందరపెట్టినా దాటకూడదు.

డిగ్రీ సంగతి ఏడాది చివర రిజిస్టరే చెబుతుంది. జవాబు దొరకని ప్రశ్నలన్నీ చేతిపనివైతే, ఇంకా పెద్ద మోటార్లు వచ్చే వర్క్‌షాపుకు మారడం మేలు. డ్రైవులు (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరాలు), ప్రొటెక్షన్, డిజైన్ వైపు పోతుంటే డిగ్రీలో చేరండి. ఆ చదువు షాపులో దొరకదు. పైగా చాలాచోట్ల పెద్ద ఇన్‌స్టాలేషన్ల బాధ్యత తీసుకుని సంతకం పెట్టడానికి అర్హత పత్రం కావాలి. ఏడాది ఆగేముందు మాత్రం రెండు పనులు చేయండి. ప్రవేశ నిబంధనల్లో వయసు, ఉత్తీర్ణత సంవత్సరం పరిమితులు ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి. లెక్కలు వదిలేస్తే తిరిగి రావడం కష్టం కాబట్టి, త్రికోణమితి, కాంప్లెక్స్ సంఖ్యలు, ఫేజర్ల మీద రోజుకు మూడు లెక్కలు చేస్తూ ఉండండి. ఇంట్లోవాళ్లకు కూడా 'తర్వాత చూద్దాం' అని కాక, దరఖాస్తు చేసే నెల పేరు చెప్పండి.