ఒకే బండికి రెండు పేటెంట్లా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గోదాముల్లో డ్రైవరు లేకుండా తిరిగే బండ్ల పేటెంట్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. సరుకుల ర్యాకు కిందికి దూరి, దాన్ని పైకెత్తి, ప్యాకింగ్ బల్ల దగ్గరికి దానంతట అదే చేర్చే బండిని తయారుచేసి పేటెంటుకు దరఖాస్తు పెట్టాం. ఎనిమిది నెలల తరువాత, ఇలాంటి బండ్లు అనేకం ఒకే గోదాములో తిరిగేటప్పుడు కూడళ్లలో ఢీకొనకుండా చూసే ఏర్పాటుకు రెండో దరఖాస్తు వేశాం. రెండోదానిపై పేటెంటు కార్యాలయం నుంచి వచ్చిన మొదటి పరీక్షా నివేదికలో, అందులోని 1 నుంచి 4 వరకు క్లెయిములు (ఏ విషయానికి రక్షణ కోరుతున్నామో చెప్పే అంకెల వాక్యాలు) మా మొదటి దరఖాస్తులో ముందే క్లెయిము అయ్యాయని అభ్యంతరం తెలిపారు. రెండూ మావే అయినప్పుడు మా దరఖాస్తు మాకే అడ్డు ఎలా అవుతుంది? – ఒక పాఠకుడు, పటాన్‌చెరు

సమాధానం: మీరు పంపిన రెండు దరఖాస్తుల క్లెయిములను పక్కపక్కన పెట్టి చదివాను. అభ్యంతరం సరైనదే. అయితే రెండో దరఖాస్తు నిలబడటానికి కావలసిన సరుకు కూడా అందులోనే ఉంది.

1970 నాటి పేటెంట్ల చట్టంలోని 13వ సెక్షన్, దరఖాస్తును పరీక్షించే పేటెంటు కార్యాలయపు పరిశీలకుడికి రెండు వెతుకులాటలు అప్పగించింది. మీరు దరఖాస్తు వేసే నాటికే ఎక్కడైనా ప్రచురితమైన సమాచారంలో మీ ఆవిష్కరణ ఉందా అని చూడటం మొదటిది. మీకంటే ముందు తేదీతో భారతదేశంలో దాఖలై, మీ దరఖాస్తు తరువాత ప్రచురితమైన మరో స్పెసిఫికేషన్‌లో (వివరణ, క్లెయిములు ఉండే దరఖాస్తు పత్రంలో) అదే విషయాన్ని ముందే క్లెయిము చేశారా అని చూడటం రెండోది. మీకు వచ్చిన అభ్యంతరం ఈ రెండో కోవకు చెందినది. ఆ ముందు దరఖాస్తు పరాయివాళ్లదై ఉండాలన్న షరతు సెక్షన్‌లో ఎక్కడా లేదు.

దీని వెనుక బలమైన కారణమే ఉంది. పేటెంటు గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు. ఎనిమిది నెలల తేడాతో ఒకే విషయానికి రెండు పేటెంట్లు ఇస్తే, మొదటిది ముగిసి అందరికీ అందుబాటులోకి రావలసిన బండి మరో ఎనిమిది నెలలు మీ గుప్పిట్లోనే ఉండిపోతుంది. ఆ రెండింటినీ మీరు వేర్వేరు వ్యక్తులకు అమ్మితే, ఒకే బండి తయారుచేసిన పాపానికి ఎవరైనా ఇద్దరికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఒక పేటెంటు ఒకే ఆవిష్కరణకు ఇవ్వాలని 46వ సెక్షన్, గడువు ముగిసిన పేటెంటులోని విషయానికి ఇక ఏ రక్షణా ఉండదని 53వ సెక్షన్ చెబుతున్నాయి. డపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మందు విషయంలో ఆస్ట్రాజెనెకా రెండు పేటెంట్లను ఆధారం చేసుకుని దావా వేసినప్పుడు, ఒక ఆవిష్కరణకు ఒకే పేటెంటు ఉండగలదని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2021లో స్పష్టం చేసింది. అది మందుల కేసే అయినా, ఆ తర్కం గోదాము బండికీ అంతే వర్తిస్తుంది.

ఇక మీ క్లెయిముల దగ్గరికి వస్తాను. మొదటి దరఖాస్తు 1వ క్లెయిములో నాలుగు అంశాలు ఉన్నాయి: చక్రాల చట్రం, ర్యాకును కింది నుంచి ఎత్తే లిఫ్టు, నేల మీద అతికించిన గుర్తులను చదివే కెమెరా, కేంద్ర కంప్యూటరు నుంచి దారి అందుకునే రేడియో పరికరం. రెండో దరఖాస్తు 1వ క్లెయిము, ఇవే నాలుగు అంశాలున్న ‘అనేక బండ్లు’, వాటికి దారులు పంపే ‘ఒక నియంత్రణ కంప్యూటరు’ అని మొదలై అక్కడితో ఆగిపోయింది. బండ్ల సంఖ్య పెరిగిందే తప్ప కొత్త అంశమేదీ చేరలేదు, ఎందుకంటే ఆ కంప్యూటరు కూడా మొదటి క్లెయిములో పరోక్షంగా ఉండనే ఉంది. 2, 3, 4 క్లెయిములు బ్యాటరీ, బరువు, చక్రాల అమరిక గురించి మొదటి దరఖాస్తులోని మాటలనే దాదాపుగా తిరిగి చెప్పాయి.

5వ క్లెయిము సంగతి వేరు. కూడలిని సమీపించే బండి, తాను దాటబోయే గడిని ముందుగా తనకు కేటాయించమని కోరుతుంది. ఆ గడి మరో బండికి కేటాయించి ఉంటే, మోస్తున్న ర్యాకు బరువును బట్టి ఎంత దూరంలో ఆగాలో లెక్కించుకుని ఆ దూరంలోనే నిలిచిపోతుంది. మొదటి దరఖాస్తు క్లెయిముల్లో ఈ మాట ఎక్కడా లేదు. మీ అసలు ఆవిష్కరణ ఇదే, దాన్ని మీరు ఐదో స్థానంలో దాచిపెట్టారు. పరిశీలకుడు 5 నుంచి 9 వరకు ఇదే అభ్యంతరం చెప్పకపోవడం గమనించండి. 5వ క్లెయిములోని అంశాన్ని 1వ క్లెయిములోకి తెచ్చి, 2 నుంచి 4 వరకు ఉన్నవాటిని తొలగించి, మిగతావాటి వరుస సరిచేసి సమాధానం పంపండి. సవరించిన క్లెయిము పాత క్లెయిము పరిధిలోనే ఉండాలని 59వ సెక్షన్ నియమం. కింది క్లెయిమును పైకి తేవడం పరిధిని కుదించడమే కనుక దానికి ఇబ్బంది లేదు. నివేదిక వెలువడిన తేదీ నుంచి ఆరు నెలల్లోగా సమాధానం చేరాలి. అవసరమైతే గడువులోపే కోరి మరో మూడు నెలలు పొందవచ్చు.

‘రెండూ మావే కాబట్టి అభ్యంతరం చెల్లదు’ అని వాదించే ఆలోచన ఉంటే మానుకోండి. అలా సవరించకుండా నెగ్గుకొచ్చినా, ముందే క్లెయిము అయిందన్న కారణంతో 64వ సెక్షన్ కింద ఆ పేటెంటును రద్దు చేయించే అవకాశం మీ పోటీదారుకు ఎప్పటికీ మిగిలే ఉంటుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఇంకొకటి ఉంది. ముందస్తు క్లెయిము పరీక్షలో క్లెయిమును క్లెయిముతోనే పోలుస్తారు కనుక, మొదటి దరఖాస్తు వివరణ భాగంలో కూడళ్ల ప్రస్తావన ఉన్నా మీకిక్కడ నష్టం జరగలేదు. మొదటిది ప్రచురితమైన తరువాత రెండోది వేసి ఉంటే కథ మారిపోయేది. అప్పుడు వివరణలోని ప్రతి వాక్యమూ మీకు వ్యతిరేకంగా పనికివచ్చేది, కొత్తదనంతో పాటు ఆవిష్కారపు మెట్టు (ఆ రంగం తెలిసినవారికి తేలికగా తట్టని ముందడుగు) ఉందా అన్న ప్రశ్న కూడా ఎదురయ్యేది. మామూలుగా ప్రచురణ 18 నెలలకు జరుగుతుంది. త్వరిత పరీక్ష కోరే స్టార్టప్‌లు ముందస్తు ప్రచురణ కూడా కోరుతున్నాయి కాబట్టి, తమ తరువాతి దరఖాస్తుకు తామే గడువు దగ్గర చేసుకుంటున్నాయి. వరుసగా మెరుగుదలలు చేస్తున్న కంపెనీలు ఈ తొందరపాటుతో నష్టపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మీరు ఇకముందు ఇదే బండికి చేసే చిన్న మార్పులకు 54వ సెక్షన్ కింద అదనపు పేటెంటు కోరే దారి కూడా ఉంది. దానికి వేరుగా పునరుద్ధరణ రుసుము ఉండదు. ప్రధాన ఆవిష్కరణతో పోల్చితే ఆవిష్కారపు మెట్టు లేదన్న ఒక్క కారణంతో దాన్ని నిరాకరించరు. అయితే ప్రధాన పేటెంటు గడువుతోనే అదీ ముగుస్తుంది.

ప్రశ్న: మా దరఖాస్తులో బండి, దానంతట అది వచ్చి ఆగే ఛార్జింగ్ స్టేషను, దారి లెక్కించే పద్ధతి మూడూ ఉన్నాయి. ఇవి ఒకే ఆవిష్కరణ కావని నివేదిక వచ్చింది. విడదీస్తే మళ్లీ ఒకే విషయం రెండు దరఖాస్తుల్లో ఉందంటారేమో? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: విడదీసే తీరును బట్టి ఉంటుంది. ఒకే ఆవిష్కార భావనతో ముడిపడిన వాటినే ఒక దరఖాస్తులో ఉంచవచ్చని 10వ సెక్షన్ చెబుతుంది. మీ ఛార్జింగ్ స్టేషనులోని కొత్తదనం బండి ఎంత వంకరగా వచ్చినా తీగలు సరిగ్గా కలిసేలా చేసే స్ప్రింగు అమరిక. దారి లెక్కకు దానితో ఏ సంబంధమూ లేదు, కనుక పరిశీలకుడి మాట న్యాయమైనదే.

16వ సెక్షన్ కింద, మూల దరఖాస్తుపై పేటెంటు మంజూరు కాకముందే డివిజనల్ దరఖాస్తు (మూలదాని నుంచి విడదీసిన దరఖాస్తు) వేయండి. దానికి మూల దరఖాస్తు తేదీయే వర్తిస్తుంది, 20 ఏళ్ల లెక్కా అక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి గడువు పొడిగింపు ప్రసక్తి లేదు. ఒకదానిలో క్లెయిము చేసినది రెండోదానిలో ఉండకూడదన్నది మాత్రం అదే సెక్షన్‌లోని గట్టి షరతు. చాలామంది కొత్త దరఖాస్తులో స్టేషను క్లెయిములు చేర్చి, పాతదానిలో వాటిని తీసివేయడం మరచిపోతారు. ‘ఛార్జింగ్ స్టేషనుతో కూడిన బండి’ అనే మిశ్రమ క్లెయిమును రెండింటిలోనూ వదిలేస్తారు. ఆ క్లెయిము ఎక్కడ ఉండాలో మీరే తేల్చి, ఒక్కచోటే ఉంచండి. వేర్వేరు ఆవిష్కరణలు క్లెయిముల్లోనే కనబడాలా, వివరణలో ఉంటే చాలా అన్న వివాదం కొంతకాలం నడిచింది. సింజెంటా కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2023లో వివరణలో ఉన్నా సరిపోతుందని తీర్పు చెప్పింది.

దారి లెక్కించే పద్ధతిని ఒంటరిగా నిలబెడితే, అది అల్గారిథమ్ (లెక్కించే క్రమం) మాత్రమేనంటూ, అలాంటివాటికి పేటెంటు ఇవ్వరాదనే 3(కె) సెక్షన్ కింద మరో అభ్యంతరం వస్తుంది. లెక్క ఫలితంగా బండి ఏ సెన్సరు సమాచారాన్ని తీసుకుని, ఎలా వేగం తగ్గించి, ఏం సాధిస్తుందో క్లెయిములోనే చెప్పండి.

ప్రశ్న: నేను సియాటెల్‌లో రోబోల సంస్థలో ఇంజనీరును. ఇక్కడ ఒకే బండికి డజన్ల కొద్దీ పేటెంట్లు ఉంటాయి. పరిశీలకులు ‘డబుల్ పేటెంటింగ్’ (ఒకే విషయానికి రెండు పేటెంట్లు) అంటారు, మా న్యాయవాదులు ‘టెర్మినల్ డిస్‌క్లెయిమర్’ ఇచ్చేస్తారు. భారతదేశంలో ఇది ఎందుకు లేదు? – ఒక పాఠకుడు

సమాధానం: మీ చుట్టుపక్కలే మంచి ఉదాహరణ ఉంది. అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కొన్న కివా సిస్టమ్స్, తన ర్యాకులెత్తే బండ్ల గురించి 2006 జూన్ 19వ తేదీన ఒక్కరోజే పలు దరఖాస్తులు వేసింది. సరుకు రవాణా, బండ్ల కదలికల సమన్వయం, బండిని సరైన చోట నిలపడం, బండ్లకు పనుల అప్పగింత ఇలా వేర్వేరు పేర్లతో అవి సాగుతాయి. బొమ్మలు చాలావరకు ఒకటే, వివరణా దాదాపు ఒకటే. తేడా అంతా క్లెయిముల్లో ఉంటుంది. బొమ్మలు చూసి రెండు పేటెంట్లు ఒకటే అనుకునేవారు ఈ రంగంలో తరచుగా పొరబడేది ఇక్కడే.

అమెరికాలో అచ్చంగా అదే క్లెయిము రెండుసార్లు కోరితే 101వ సెక్షన్ కింద నిరాకరిస్తారు, దానికి మినహాయింపు లేదు. అచ్చంగా అదే కాకపోయినా ముందుదాని నుంచి తేలికగా తట్టే మార్పే అయితే, కోర్టులు రూపొందించిన సిద్ధాంతం ప్రకారం అభ్యంతరం చెబుతారు. అప్పుడు దరఖాస్తుదారు రెండో పేటెంటు గడువును మొదటిదానితోనే ముగిస్తానని, రెండూ ఒకే యజమాని చేతిలో ఉన్నంతకాలమే రెండోదాన్ని అమలు చేస్తానని రాసిస్తాడు. అదే టెర్మినల్ డిస్‌క్లెయిమర్. పటాన్‌చెరు పాఠకుడికి చెప్పిన రెండు అన్యాయాలనూ అది నివారిస్తుంది. భారత చట్టం ఈ రాజీకి చోటివ్వకుండా, ఒకే విషయానికి రెండో పేటెంటే వద్దంది. చిన్న తయారీదారుల దృష్టితో చూస్తే ఇదే మేలని నా అభిప్రాయం. యజమాని ఒకడే అయినా, గడువులు ఒకటే అయినా, పది పేటెంట్లను ఎదుర్కోవడానికి అయ్యే ఖర్చు ఒక పేటెంటుకు అయ్యేదానితో సమానం కాదు.

పరీక్షలో ఆలస్యానికి పరిహారంగా అమెరికాలో పేటెంటు గడువును కొన్ని రోజులు పెంచుతారు. ఒకే కుటుంబంలోని, అంటే ఒకే మూల దరఖాస్తు నుంచి పుట్టిన, పేటెంట్లకు వేర్వేరు పెంపులు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అక్కడ ఇటీవలి పెద్ద చర్చ. 2023 ఆగస్టులో సెలెక్ట్ కేసులో, పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, పెంపుతో కలిపి వచ్చే ముగింపు తేదీనే పోలికకు తీసుకోవాలని చెప్పి ఆ పేటెంట్లను చెల్లనివిగా ప్రకటించింది. ఏడాది తరువాత, హైదరాబాదుకు చెందిన ఎం.ఎస్.ఎన్. లేబొరేటరీస్ ప్రతివాదిగా ఉన్న అలర్గాన్ కేసులో అదే కోర్టు దానికి హద్దు గీసింది. కుటుంబంలో అందరికంటే ముందు దాఖలై, ముందు మంజూరైన పేటెంటును, తరువాత పుట్టి ముందే ముగిసే పేటెంటును చూపి కొట్టివేయడం కుదరదని తీర్పు ఇచ్చింది. మీ సంస్థలో ఏ దరఖాస్తు ముందు వేయాలో నిర్ణయించేటప్పుడు ఈ రెండు తీర్పులనూ కలిపి చదవండి. యూరప్‌కు కూడా వెళ్లే ఆలోచన ఉంటే, అక్కడ ముందు దరఖాస్తు మొత్తం సారాన్ని కొత్తదనానికి వ్యతిరేకంగా లెక్కిస్తారని, అది మీ సొంతదైనా విడిచిపెట్టరని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా గోదాము బండికి భారత పేటెంటు వచ్చింది. అయినా మరో కంపెనీ తన పేటెంటును ఉల్లంఘించామని నోటీసు పంపింది. మాకు పేటెంటు ఉన్నాక వారికి ఏ హక్కు ఉంటుంది? – ఒక పాఠకుడు, మేడ్చల్

సమాధానం: ఉండవచ్చు. 48వ సెక్షన్ మీకు ఇచ్చినది ఇతరులను ఆపే హక్కు. మీ బండిని అడ్డంకి లేకుండా తయారుచేసుకునే హామీ అందులో లేదు. ‘ర్యాకును ఎత్తే బండి’ మీద ఒకరికి పేటెంటు ఉండి, ‘బరువును బట్టి ఆగే దూరం మార్చుకునే, ర్యాకును ఎత్తే బండి’ మీద మీకు పేటెంటు ఉంటే, రెండూ చెల్లుతాయి. వారి అనుమతి లేకుండా మీరు తయారుచేయలేరు, మీ అనుమతి లేకుండా వారు మీ మెరుగుదలను వాడుకోలేరు. ఇలాంటి చిక్కుముడి చాలాసార్లు ఒప్పందంతోనే విడిపోతుంది. గ్రిడ్ మీద తిరిగే గోదాము రోబోల విషయంలో 2020 అక్టోబరులో మొదలైన ఆటోస్టోర్, ఒకాడో సంస్థల పోరు పలు దేశాల కోర్టుల్లో సాగి, 2023 జూలైలో రాజీతో ముగిసింది. ఆటోస్టోర్ ఒకాడోకు 20 కోట్ల పౌండ్లు చెల్లించేందుకు అంగీకరించింది. 2020కి ముందరి పేటెంట్లను ఒకరివి మరొకరు వాడుకునేందుకు కూడా వీలు కల్పించుకున్నారు.

జవాబు రాసే ముందు నోటీసులోని నంబరు ఏ దేశపు పేటెంటుదో చూడండి. అమెరికా పేటెంటుకు ఇక్కడ బలం లేదు, పైగా కివా 2003లో దాఖలు చేసిన మొదటి తరం పేటెంటు వంటివాటికి అక్కడే గడువు తీరిపోయింది. అది భారత పేటెంటే అయితే పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్ వెబ్‌సైటులో ఆ నంబరు వెతికి, పునరుద్ధరణ రుసుము కట్టి ఉందో లేదో చూడండి. తరువాత మంజూరైన క్లెయిములను తీసుకుని, 1వ క్లెయిములోని ఒక్కొక్క అంశానికి ఎదురుగా మీ బండిలోని భాగాన్ని రాయండి. వాటిలో ఏ ఒక్క అంశమైనా, దానికి సమానమైనదైనా మీ బండిలో లేకపోతే, మీ పేటెంట్ ఏజెంటుతో మాట్లాడి ఆ అంశాన్నే మీ జవాబుకు ఆధారం చేసుకోండి. అన్నీ ఉంటే, వారి పేటెంటు మంజూరు ప్రకటన వెలువడి ఏడాది దాటిందో లేదో చూడండి. దాటకపోతే 25వ సెక్షన్ కింద మంజూరు అనంతర అభ్యంతరం దాఖలు చేసే వీలు మీకింకా ఉంటుంది.