జీఎస్టీ తగ్గింది కదా, మళ్ళీ పెరగక ముందే డీజిల్ కారు తీసుకోవచ్చా?

నెల్లూరులో ఉంటానని, నెలకు 700 కిలోమీటర్లు తిరుగుతానని రాశావు. నా మాట వింటే వద్దు తమ్ముడూ. "మళ్ళీ పెరగక ముందే" అనే ఆ ముక్కే నాచేత డీజిల్ బండి కొనిపించింది.

2023 సెప్టెంబరు 12, మంగళవారం. ఇక్కడే నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా బియ్యం కొట్టు ముందు లోడు దించుతున్నారు. బస్తాలు లెక్క పెట్టుకుంటుంటే షోరూం కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, టీవీ చూశారా? డీజిల్ బండ్ల మీద ఇంకో 10 శాతం జీఎస్టీ వేస్తున్నారంట. స్టాకులో ఒక్కటే ఉంది. ఈరోజు బిల్లు చేయించుకుంటే పాత రేటే." అంతకు వారం ముందు వెళ్ళి రెండు రకాలూ నడిపి చూసి, పెట్రోలా డీజిలా తేలక వచ్చేశాను. ఫోన్ తెరిస్తే నిజంగానే వార్త ఉంది. డీజిల్ వాహనాల మీద అదనంగా 10 శాతం పన్ను వేయమని ఆర్థిక మంత్రిని అడుగుతానని ఢిల్లీలో వాహన కంపెనీల సమావేశంలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ అన్నారు. 11 లక్షల బండి. దాదాపు లక్ష పెరుగుతుందని నాకు చెమటలు పట్టాయి.

మా ఆవిడ "రెండు రోజులు ఆగితే ఏం పోతుంది" అంది. వినలేదు. చీటీ పాడుకున్న డబ్బు బ్యాంకులో ఉంటే మధ్యాహ్నానికల్లా ఆర్టీజీఎస్ చేసేశాను. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చి టీవీ పెడితే, అలాంటి ప్రతిపాదన ఏదీ ప్రభుత్వ పరిశీలనలో లేదని ఆ గడ్కరీయే వివరణ ఇచ్చినట్టు చెబుతున్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పెరుగుతుందన్న పన్ను పెరగలేదు. సరిగ్గా రెండేళ్ళ పది రోజులకు, 2025 సెప్టెంబరు 22న, తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న డీజిల్ కారుకు అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 3 శాతం సెస్సు, మొత్తం 31. ఇప్పుడు 18. అదే బండి ఇప్పుడు కొనేవాడికి లక్ష తక్కువ. నువ్వు చూసింది ఈ తగ్గింపే. కానీ 1200 సీసీ లోపు చిన్న పెట్రోల్ కారుకూ అదే 18 శాతం. ఇక పన్ను చూసి డీజిల్ ఎంచుకోవడానికి ఏముంది?

ఇంత రాసినా నా అసలు బాధ డబ్బు కాదు. మా ఇల్లు వేదాయపాలెం. కొట్టు ఆరు కిలోమీటర్లు ఉంటుందేమో. పొద్దున పోవడం, మధ్యాహ్నం భోజనానికి రావడం, మళ్ళీ పోవడం. అండర్ బ్రిడ్జి దగ్గర ఇరుక్కుంటే మొదటి గేరు, రెండో గేరు, అంతే. ఎనిమిది నెలలు అలా తిప్పాక, 2024 మే నెలలో మీటరు మీద పసుపు లైటు వెలిగింది. షోరూం వాళ్ళు ఏదో కంప్యూటర్ తగిలించి ఆర్పి పంపారు. వారానికి మళ్ళీ వెలిగింది.

అప్పుడు మా నాన్న జీపు చూసే పాత మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కంప్యూటర్ జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. పల్చగా నీళ్ళలా ఉంది, డీజిల్ వాసన. "ఏందన్నా, దీన్ని ఊళ్ళోనే తిప్పుతుండావా? ఇది రోడ్డెక్కాల్సిన బండి" అన్నాడు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ కార్లకు పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. అందుకోసం ఇంజిన్ అదనంగా కాస్త డీజిల్ చల్లుకుంటుంది. ఈలోపు మనం కొట్టు దగ్గర ఆపేస్తాం. మసి కాలదు, లైటు వెలుగుతుంది. ఆ డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. రోజూ ఇదే. షోరూంలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. మైలేజీ, సన్‌రూఫ్, టచ్ స్క్రీన్ గురించి మాత్రం గంట చెప్పారు.

ఆయిల్ మార్పించి, ఆయన చెప్పినట్టే ఆ రాత్రి హైవే ఎక్కి, స్పీడు 60 తగ్గకుండా కావలి వైపు పోయాను. దగదర్తి దాటాక లైటు ఆరింది. ఇప్పటికీ రెండు వారాలకోసారి, పని ఉన్నా లేకపోయినా, కావలి పోయి వస్తాను. అది కూడా డీజిల్ ఖర్చే కదా.

మా బావ సంగతి వేరు. ఒంగోలులో ఉంటాడు, గ్రానైట్ పని. రోజూ చీమకుర్తి, నెలకు రెండుసార్లు చెన్నై, మధ్యలో హైదరాబాద్. 3,000 కిలోమీటర్లకు తగ్గదు. లైటు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. పెట్రోల్ బండికీ డీజిల్‌కూ ధరలో 1.3 లక్షల తేడా అనుకో. లీటరుకు డీజిల్ బండి 20 కిలోమీటర్లు, పెట్రోల్ బండి 15 ఇస్తే, 2025 రేట్లలో లీటరు డీజిల్ 97, పెట్రోల్ 109 చొప్పున కిలోమీటరుకు రెండున్నర రూపాయల దాకా మిగులుతుంది. ఆ తేడా రాబట్టుకోవడానికి బావకు ఏడాదిన్నర. నీకు ఆరేళ్ళు దాటుతుంది.

జీఎస్టీ గురించి ఇంత గోల చేస్తాం గానీ, రోజూ కట్టే పన్ను బంకులో ఉంది. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్ అనే రాష్ట్ర పన్ను, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. 2025లో చెన్నైలో 92 చిల్లరకు పోస్తుంటే మనం 97 పైన కట్టాం. చెన్నై పోయినప్పుడల్లా తమిళనాడు వైపు గుమ్మిడిపూండిలో ట్యాంకు నింపుకునే వస్తాను. అక్కడ ఏపీ నంబరు బండ్లే వరసగా ఉంటాయి. దీని మీద ఏ ప్రభుత్వమొచ్చినా నోరు మెదపదు.

పదేళ్ళకు డీజిల్ బండి పారేయాలట కదా అని కూడా అడిగావు. ఆ నిబంధన పెట్టింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి. నెల్లూరుకు కాదు. ఆ భయంతో మానుకోవద్దు.

నీ 700లో హైవే మీద ఎన్ని, ఊళ్ళో ఎన్ని? అది రాయలేదు నువ్వు. వారానికి ఒక్కసారైనా ఒంగోలో తిరుపతో పోయే పని ఉంటే చెప్పు, అప్పుడు మళ్ళీ లెక్క వేద్దాం.