రాయి తర్వాత చూద్దువుగాని, ముందు వెలుగు చూడు

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

కొత్త వంటింటి గట్టుకని నువ్వు పంపిన రాళ్ల ఫొటోలు చూశాను. వాటి సంగతి తర్వాత. ముందు ఆ ఖాళీ గదిలోకి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వెళ్లి కాసేపు నిలబడు. తరిగే చోట నీ నీడ నీ చేతుల మీదే పడుతుంటే ఎంత మంచి రాయి పరిపించినా సుఖం లేదు. వెలుగు ఎదురుగానో పక్కనుంచో రావాలి. కిటికీ కింది జాగా తరగడానికి ఉంచుకో, సింకు కాస్త పక్కకు జరిగినా ఫరవాలేదు. రాత్రిపూటా అంతే. గది మధ్య ఒక్క దీపమే ఉంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషే దానికి అడ్డం. పై అరల అడుగున, ముందంచు వైపు ఎల్‌ఈడీ పట్టీ వేయించు. వెలుగు రంగు 3000 కెల్విన్, అంటే కాస్త పసుపు ఛాయ ఉండాలి, సీఆర్‌ఐ అంటే రంగులు ఉన్నవున్నట్టు చూపే కొలత, 90కి తగ్గకూడదని గట్టిగా అడుగు. బాణలిలో ఉన్నది ఎర్రబడిందో మాడిందో తెలియాలంటే ఆ రెండో అంకె ముఖ్యం.

నీకు పాలరాయి మీద మనసుందని తెలుసు. నాకూ ఉండేది. పొయ్యి పక్కన తెల్లగా అద్దంలా పరిపించాను. నెల తిరక్కుండా నిమ్మచెక్క పెట్టిన చోటల్లా మెరుపు పోయింది. మరకైతే తుడవచ్చు. ఇది రాయి కరగడం. పాలరాయి కాల్షియం కార్బొనేటే కదా, పులుపు దాన్ని తినేస్తుంది. మీ అత్తయ్య ఆ మచ్చల లెక్క ఇప్పటికీ మరవలేదు. గ్రానైట్‌కు ఆ బెడద లేదు. అయినా ముక్క ఇంటికి తెచ్చుకుని నాలుగు నీటిచుక్కలు వేసి పావుగంట ఆగు. తుడిచాక అక్కడ రంగు ముదిరితే నీళ్లు పీలుస్తోందన్నమాట, రాయి నీళ్లు పీల్చకుండా సీలర్ అనే పూత పట్టించాలి. నల్లరాయికి రంగు పూసి అమ్మేవాళ్లూ ఉంటారు. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే గుట్టు తెలుస్తుంది. గట్టు అంచు అడుగున సన్నటి గాడి కొట్టించు, నీళ్లు కింది అరల తలుపుల చెక్క మీదికి పాకకుండా అక్కడే జారిపోతాయి.

తలుపులకు టేకు మంచిదే. కాకపోతే తేమకు ఏ కలపైనా అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా పెద్దగా కదలదు. వెడల్పాటి పలకను చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టమను. జిగురు పెట్టి బిగిస్తే చీలుతుంది. గీతలు పడితే గీకి నూనె పట్టిస్తే సరిపోతుంది. అవిసె నూనె వాడితే మాత్రం ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరిచి ఆరనివ్వాలి. సింకు కింద పొట్టుచెక్క (పార్టికల్ బోర్డు) అసలొద్దు, ఒకసారి తడిసి ఉబ్బిందంటే మళ్లీ కుదురుకోదు.

గట్టు ఎత్తు అందరికీ ఒకటే అంటాడు మేస్త్రీ. వినకు. మోచెయ్యి వంచి, అక్కడినుంచి 10–15 సెంటీమీటర్లు కిందికి కొలువు. నేల బండలు పరిచాక ఉండే మట్టం నుంచే లెక్క.

ఆదివారంలోగా మీ ఇద్దరి మోచేతి ఎత్తులూ రాసి పంపు. అల్లుడిది మరిచిపోయేవు, వారంలో సగం వంట అతనిదేగా!

మీ మామయ్య