సైన్యంలో ట్రామా సర్జన్‌గా చేసినవారికి ఆ అనుభవం బోధనలో పనికొస్తుందా?

పదేళ్లు సైనిక ఆసుపత్రుల్లో క్షతగాత్రులకు శస్త్రచికిత్సలు చేశానని, ఇప్పుడు వైద్య కళాశాలలో చేరాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నానని రాశారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. తప్పకుండా పనికొస్తుంది. అయితే ఎన్ని ఆపరేషన్లు చేశారన్న లెక్క వల్ల మాత్రం కాదు.

బోధనలో చేరిన మొదటి నెలలో, పొట్టలో గాయమైన ఒకాయనకు ఆపరేషన్ చేస్తున్నాను. రక్తస్రావం ఆపి, తెగిన పేగు చివరలు కట్టేసి, అతికించకుండానే ఐసీయూకి పంపమన్నాను. పొట్ట కూడా కుట్టలేదు. ఎదురుగా కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్న పీజీ విద్యార్థిని, "ఇక్కడే ఎందుకు ఆపారు సార్?" అని అడిగింది. "ఇక్కడ ఆపాలమ్మా, అంతే" అన్నాను. ఆ రాత్రంతా ఆ మాటే నన్ను తొలిచింది. రోగి ఒళ్లు చల్లబడింది, రక్తంలో ఆమ్లత పెరిగింది, కోసిన అంచుల నుంచి కారుతున్న రక్తం గడ్డకట్టడం లేదు. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆ స్థితిలో ఇంకో గంట బల్ల మీద ఉంచితే మనిషి దక్కడు. నా చేతులకు ఇదంతా తెలుసు, నోటికి రాలేదు. మర్నాడు ఆమెను పిలిచి, అనస్థీషియా చార్టు ముందు పెట్టుకుని వివరించాను. నలభై నిమిషాలు పట్టింది.

ఇంకో లోటు కూడా ఉంది. ముందువరుస ఆసుపత్రిలో ధమని కుట్టి, గంటల్లోనే క్షతగాత్రుణ్ణి వెనక్కి పంపేస్తాం. ఆ కాలు నిలిచిందో లేదో చాలాసార్లు మనకు తెలియదు. వియత్నాంలో పనిచేసిన అమెరికన్ సైనిక సర్జన్ నార్మన్ రిచ్‌ను నేను గురువుగా భావించేది అందుకే. రక్తనాళాలు దెబ్బతిన్న సైనికుల వివరాలన్నీ ఒకచోట చేర్చే రిజిస్ట్రీని ఆయన 1966లో మొదలుపెట్టారు. 1970లో వెయ్యి ధమని గాయాల ఫలితాలు ప్రచురించారు. వారిలో అవయవం తీసేయాల్సి వచ్చినవారు 13 శాతానికి కాస్త అటూఇటూ. రెండో ప్రపంచయుద్ధంలో, ధమనిని కుట్టకుండా ఎక్కువగా కట్టేసే రోజుల్లో, అది 40 శాతం దాకా ఉండేది. తరువాత ఆయన అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయంలో సర్జరీ విభాగానికి అధిపతి అయ్యారు. ఆ రిజిస్ట్రీ లేకపోతే ఆయన దగ్గరా నా దగ్గరున్నట్టు జ్ఞాపకాలే ఉండేవి.

కాబట్టి ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. పేర్లు వద్దు. గాయం, టోర్నికే (రక్తస్రావం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) ఎంతసేపు ఉంది, ఏం చేశారు, ఎందుకు చేశారు, ఇవి చాలు. తప్పిన నిర్ణయాలు ముందు రాయండి. విద్యార్థులు వాటి దగ్గరే నోటుపుస్తకం తెరుస్తారు.

బయటి ఆసుపత్రిలో రోగులు వేరు. రక్తం పలచబడే మందులు వాడుతూ జారిపడిన వృద్ధులు నాకు పూర్తిగా కొత్త. అది జూనియర్ల దగ్గరే నేర్చుకున్నాను.

చేరే ముందు విభాగాధిపతిని ఒక్కటి అడగండి: మరణాల సమీక్ష క్రమం తప్పకుండా జరుగుతుందా, అందులో పీజీలు ప్రొఫెసర్‌ను ప్రశ్నించవచ్చా? కుదరదంటే నేనైతే అక్కడ చేరను.