కేసును తేల్చేసేది మీరు పంపిన పేపర్ కటింగే

ప్రశ్న: మాది విమానాశ్రయం ప్రహరీని ఆనుకుని ఉన్న కాలనీ. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులతో 1994లో ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టారు. ఇప్పుడు రన్‌వే పొడిగిస్తున్నారు. కాలనీలో 7 ఇళ్లు భూసేకరణలో పోతాయి. మిగతా 60 ఇళ్లు కొత్త ప్రహరీ పక్కనే ఉండిపోతాయి. అమ్మకు గుండె జబ్బు. రాత్రి విమానం దిగితే ఉలిక్కిపడి లేచి కూర్చుంటోంది. ఏడాదికి పైగా మేం ఎక్కని గడప లేదు. ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో వినతిపత్రాలు ఇచ్చాం. 40 రోజులు రిలే దీక్షలు చేశాం. పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)లో సవాలు చేసి ఈ విస్తరణ ఆపించాలని మా ఆశ. సమాచార హక్కు కింద అనుమతి కాపీ తీసుకుంటే, అది చేతికి వచ్చిన రోజు నుంచే గడువు లెక్కిస్తారని, ఈమధ్యే అద్దెకు దిగిన వాళ్ల పేరు మీద కేసు వేస్తే ఇంకా మంచిదని తెలిసినాయన ఒకరు చెప్పారు. 7 ఇళ్లకు 3 వారాల కిందట అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ప్రకటించారు. ఆ రోజు వాళ్లంతా అక్కడే ఉన్నారు. బ్యాంకు వివరాలు ఇచ్చి డబ్బు తీసుకోమంటున్నారు. అంతా ఎంత గుట్టుగా చేశారో తెలియడానికి పేపర్ కటింగ్ జత చేస్తున్నాను. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. దానికి పిన్ను కొట్టి పంపిన కటింగ్ అరచేతి అంత కూడా లేదు. మీ కేసును తేల్చేది మాత్రం అదే. అదీ మీకు వ్యతిరేకంగా.

గుట్టుగా చేశారనడానికి రుజువుగా మీరు దాన్ని పంపారు. కానీ అందులో ఉన్నదేమిటి? ఈ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది, కాపీని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో చూడవచ్చు అన్న ప్రకటన. తెలుగు పత్రికలో, తెలుగులోనే వేశారు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్, అనుమతి ఉత్తరాల్లో మామూలుగా పెట్టే షరతుల ప్రకారం అనుమతి పొందిన సంస్థ 7 రోజుల్లోగా కనీసం రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ఇలా ప్రకటించాలి. ప్రకటించారు. పైగా కటింగ్ అంచున మీ సంఘం రబ్బరు స్టాంపు, దాని కింద ‘ఫైలులో ఉంచాలి’ అని చేతిరాత, తేదీ. 13 నెలల కిందటి తేదీ.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 16 కింద ఇలాంటి అనుమతిపై అప్పీలు వేయడానికి గడువు 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ట్రిబ్యునల్ మరో 60 రోజుల వరకు మన్నించగలదు. అంతే, మొత్తం 90. సివిల్ కోర్టుల్లో రెండేళ్లు, మూడేళ్ల ఆలస్యాన్ని కూడా మన్నించిన సందర్భాలు విని ఉంటారు. ఇక్కడ అది కుదరదు. 91వ రోజున వెళ్తే ట్రిబ్యునల్‌కు మీ మీద ఎంత జాలి ఉన్నా మన్నించే అధికారం లేదు. మీరు దాదాపు 400వ రోజున నన్ను అడుగుతున్నారు.

మరి ఈ 13 నెలలు ఏం చేశారు? వినతిపత్రాలు ఇచ్చారు. వినతిపత్రం ఇస్తే రసీదు వస్తుంది. గడువు మాత్రం ఆగదు. నలభై రోజులు టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా ఆ కటింగ్ పట్టుకుని ఏదో ఒక వకీలు దగ్గరకు పది నిమిషాలు వెళ్లి ఉంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. కటింగ్ కత్తిరించి, స్టాంపు వేసి, ఫైల్లో పెట్టినంత శ్రద్ధ దాన్ని చదవడంలో పెట్టలేదు. కటువుగా ఉందని అనుకోకండి. కాలనీ సంఘాల ఫైళ్లలో నేను తరచూ చూసే సంగతే ఇది.

ఇక మీకు సలహా ఇచ్చిన పెద్దమనిషి సంగతి. ఆయన మాట వినకండి. గడువును మీరు కాపీ సంపాదించుకున్న రోజు నుంచి లెక్కపెట్టరు. అనుమతి విషయం వెబ్‌సైట్‌లోనో, పత్రికలోనో, స్థానిక సంస్థ నోటీసు బోర్డులోనో, ఏ రూపంలో ముందుగా సరిగ్గా బయటికి వస్తే ఆ రోజు నుంచే లెక్క. సమాచార హక్కు కింద ఇవాళ తెచ్చుకున్న కాపీతో పాత గడువు మళ్లీ పుట్టదు.

అద్దెకున్న వాళ్ల పేరుతో వేయడం ఇంకా ప్రమాదం. ఆ పిటిషన్‌తో పాటు ‘ఈ అనుమతి సంగతి నాకు ఫలానా తేదీనే తెలిసింది’ అని ప్రమాణ పత్రం మీద వాళ్ల చేత సంతకం చేయించాలి. అవతలి వకీలు ఆ రోజు పత్రిక పూర్తి పేజీ దాఖలు చేస్తాడు. దానితో పాటు మీ దీక్షా శిబిరం ఫొటోలు కూడా. మీరు పంపిన ఫొటోలో టెంటు వెనక ఫ్లెక్సీ మీద ‘పర్యావరణ అనుమతి రద్దు చేయాలి’ అని అడుగు ఎత్తు అక్షరాలున్నాయి. దాని ముందే కూర్చున్న కాలనీ తర్వాత వచ్చి మాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? కోర్టులో అబద్ధపు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఆ సంతకం పెట్టేది మీరు కాదు, పాపం ఆ అద్దె మనిషి. ముఖ్యమైన కాగితం దాచిపెట్టి కోర్టుకు వెళ్లడం కోర్టును మోసగించడమేనని సుప్రీంకోర్టు 1993లోనే ఎస్.పి. చెంగల్వరాయ నాయుడు కేసులో చెప్పింది. హైకోర్టులో రిట్‌కు (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్‌కు) ఇంత కచ్చితమైన గడువు లేని మాట నిజమే. కానీ అక్కడా ‘ఇన్నాళ్లు ఏం చేశారు?’ అన్నదే మొదటి ప్రశ్న. ఆ కటింగ్ దాచి వెళ్తే ఆలస్యం వల్ల కాకపోయినా దాచినందుకు పిటిషన్ కొట్టేస్తారు. పనులు ఆపమని స్థానిక సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేద్దామని కూడా ఎవరో ఒకరు అంటారు. భూసేకరణ వ్యవహారాల్లో 2013 చట్టం సెక్షన్ 63 సివిల్ కోర్టుల చేతులు కట్టేసింది. కోర్టు ఫీజు దండగ.

ఇంకొకటి. గడువులో వెళ్లినా విస్తరణ ఆగిపోయేదని నేను చెప్పను. గోవాలోని మోపా విమానాశ్రయం సంగతి చూడండి. దరఖాస్తులో ముఖ్యమైన వివరాలు చెప్పలేదని సుప్రీంకోర్టు 2019 మార్చి 29న పర్యావరణ అనుమతిని నిలిపేసింది. నిపుణుల కమిటీ మళ్లీ పరిశీలించాక 2020 జనవరిలో ఆ నిలుపుదల ఎత్తేసింది. 2022 డిసెంబరులో విమానాశ్రయం ప్రారంభమైంది. అంత గట్టి తప్పు దొరికినా ఆగింది పది నెలలు.

కాబట్టి అనుమతితో పోట్లాట వదిలేయండి. అనుమతిలో పెట్టిన షరతులు పట్టుకోండి. వాటికి గడువు తీరలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

పర్యావరణ అనుమతి ఉత్తరం పరివేష్‌లో ఉంటుంది. ప్రింటు తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. దుమ్ము, వాననీటి కాలువలు, చెట్లు, చప్పుడు, నిర్మాణ వ్యర్థాలు, ఇలా ఒక్కోదానికి షరతులు రాసి ఉంటాయి. ఆ షరతులు ఎలా అమలు చేస్తున్నారో సంస్థ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అదీ బహిరంగ పత్రమే. నివేదికలో ‘పాటిస్తున్నాం’ అని ఉన్న చోట మీ కళ్ల ముందు ఏం జరుగుతోందో చూడండి. ఉదాహరణకు వాననీటి ప్రవాహానికి అడ్డు రాకూడదని షరతు ఉండి, కొత్త ప్రహరీ మీ వీధి కాలువను మూసేస్తే, అది ఆ రోజు పుట్టిన కొత్త వివాదం. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి, కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. కదలిక లేకపోతే చెన్నైలోని ఎన్‌జీటీ దక్షిణ మండల బెంచికి సెక్షన్ 14 కింద వెళ్లవచ్చు. దానికి గడువు వివాదం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలు, ఆపైన మన్నింపు 60 రోజులే. ‘మొదట’ అన్న మాటను ఈసారి మర్చిపోకండి. సంఘం తరఫున వెళ్లాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానం ఉండాలి. మీ మినిట్స్ పుస్తకంలో రెండేళ్లుగా ఒక్క పేజీ రాయలేదని మీరే అన్నారు. ఈ ఆదివారం రాయండి.

చప్పుడు విషయంలో సెల్‌ఫోన్ యాప్ స్క్రీన్‌షాట్ పంపారు, 94 డెసిబెల్స్ అని. దాన్ని సాక్ష్యమని నమ్ముకోకండి. 2018 జూన్‌లో కేంద్రం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఏడాదికి 50,000 కంటే ఎక్కువ విమాన రాకపోకలున్న చోట పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్. మిగతా విమానాశ్రయాల్లో పగలు 65, రాత్రి 60. ఇవి ఒక్క విమానం నెత్తి మీద నుంచి వెళ్లిన క్షణంలో నమోదయ్యే అంకెలు కావు. ఆ సమయం మొత్తానికి లెక్కగట్టే సగటు. మీ 94 ఒక్క క్షణానిది, కాబట్టి దానితో ఏదీ తేలదు. గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో, సర్టిఫై చేసిన మీటరుతో, మీ డాబా మీద రాత్రింబవళ్లు కొలిపించండి. కొత్త రన్‌వే మొదలు కాకముందే ఒకసారి, మొదలయ్యాక మళ్లీ. ముందటి కొలత లేకపోతే రేపు ‘ఇక్కడ ఎప్పుడూ ఇంతే’ అంటారు. ఢిల్లీలో వసంత్‌కుంజ్ వైపు వాళ్లూ మూడో రన్‌వే చప్పుడు మీద ఎన్‌జీటీకి వెళ్లారు. రన్‌వే మూతపడలేదు.

అమ్మగారి గురించి రెండు పేజీలు రాశారు. వాటికి బదులు ఆసుపత్రి కాగితాలు తేదీల వారీగా సర్దిపెట్టండి. చప్పుడుకూ ఆమె జబ్బుకూ సంబంధం ఉందని డాక్టరు రాసిస్తేనే సెక్షన్ 15 కింద పరిహారం అడగగలరు. దానికి గడువు 5 ఏళ్లు. రుజువు చేయడం మాత్రం తేలిక కాదు.

చివర్లో రాస్తున్నాను గానీ, అన్నిటికంటే ముందు కదలాల్సింది ఆ 7 కుటుంబాలు. అవార్డు ప్రకటించినప్పుడు హాజరై ఉన్నారు కాబట్టి పరిహారం చాలదని 2013 చట్టం సెక్షన్ 64 కింద దరఖాస్తు చేయడానికి 6 వారాలే. అందులో 3 అయిపోయాయి. తగిన కారణముంటే కలెక్టర్ మరో ఏడాదిలోపు తీసుకోవచ్చని చట్టంలో ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ‘నిరసనతో తీసుకుంటున్నాను, ఈ పరిహారం చాలదు’ అని రసీదు మీదే రాసి సంతకం పెట్టాలి. అలా రాయకుండా తీసుకున్నవాళ్లకు సెక్షన్ 77 ప్రకారం ఎక్కువ అడిగే హక్కే ఉండదు. ‘మనసు ఒప్పుకోలేదు’ అని తర్వాత చెబితే ఎవరూ వినరు. కన్సెంట్ అవార్డు, అంటే పరిహారానికి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం, ముందు పెడితే చదవకుండా సంతకం చేయకండి. దరఖాస్తులో స్థలం ధర ఒక్కటే రాసి ఊరుకోవద్దు. బోరు, కొబ్బరి చెట్లు, పై అంతస్తు, అన్నీ లెక్కలోకి రావాలి. మీ ప్రాంతంలో నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లలో రిజిస్టరైన సేల్ డీడ్ల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని జత చేయండి.

అవార్డు కాపీ మీద తేదీ చూసి, 42వ రోజు ఎప్పుడో ఇవాళే లెక్కపెట్టుకోండి. అది ఆదివారమో, పండగో అయితే రెండు రోజుల ముందే వెళ్లి ఇన్‌వార్డు నంబరు వేయించుకు రండి.